బండి ఎందుకు ఆగిందో చెప్పే గొంతు ఒకటి కావాలి

రాత్రిపూట స్లీపర్ బోగీలో ఎక్కువగా వినపడే మాట ఏదంటే "ఏ ఊరండీ ఇది?" అనేదే. బండి కాస్త స్లో అవ్వగానే ఎవరో ఒకరు లేస్తారు, కిటికీ షట్టర్ పైకెత్తి చీకట్లోకి తొంగిచూస్తారు, ఏమీ కనపడదు, ఎదురు బెర్త్ మీద ఫోన్ చూసుకుంటున్న కుర్రాడిని అడుగుతారు. ఆ కుర్రాడికి సిగ్నల్ ఉంటే చెప్తాడు, లేకపోతే "ఇంకా టైం ఉందనుకుంటానండీ" అంటాడు. మన దేశంలో మొదటి ప్యాసింజర్ రైలు నడిచింది 1853లో. ఇన్నేళ్ల తర్వాత కూడా మామూలు ఎక్స్‌ప్రెస్ బండ్లలో మనం దిగాల్సిన స్టేషన్ వచ్చిందో లేదో పక్క ప్రయాణికుడిని అడిగి తెలుసుకోవాల్సిందే.

హైదరాబాద్ మెట్రో తీసుకోండి. 2017 నవంబర్‌లో మొదలైంది, ప్రతి స్టేషన్ ముందు తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో చెప్తుంది, వచ్చే స్టేషన్ ఏది, తలుపులు ఏ వైపు తెరుచుకుంటాయి, అమీర్‌పేట అయితే ఏ లైన్‌కి మారొచ్చు, అన్నీ. 2023 సంక్రాంతి రోజు సికింద్రాబాద్ విశాఖ మధ్య వందేభారత్ మొదలైంది కదా, అందులోనూ అంతే, స్టేషన్ దగ్గర పడుతుంటే స్పీకర్లో చెప్తారు, పైన స్క్రీన్ మీద కూడా పడుతుంది. బాగుంది, నాకు అందులో ఏ కంప్లయింటూ లేదు. కానీ ఒక్కసారి ఆలోచించండి, ఆ వందేభారత్‌లో కూర్చున్నవాళ్లు ఎక్కువగా మెలకువగా ఉండే వేళల్లోనే ప్రయాణం చేస్తున్నారు, ఆగేవి కొన్ని పెద్ద స్టేషన్లు, చాలామంది చేతుల్లో స్మార్ట్‌ఫోన్ ఉంది, కాస్త కునుకు పట్టినా స్టేషన్ రాగానే బోగీలో సగం మంది లేచి బ్యాగులు దింపుతుంటారు కాబట్టి మెలకువ వచ్చేస్తుంది. అదే తెల్లవారుజామున మూడింటికి ఒకటి రెండు నిమిషాలు ఆగే చిన్న స్టేషన్లో దిగాల్సిన పెద్దవాళ్లకి, జనరల్ బోగీలో కాళ్లు పెట్టుకునే చోటు లేక తలుపు దగ్గర కూర్చున్నవాళ్లకి బండిలో ఒక్క మాట చెప్పేవాళ్లు లేరు. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే లేదు, నా బాధంతా అక్కడే.

మొన్నామధ్య చెన్నై వైపు నుంచి రాత్రి బండిలో వస్తుంటే నా ఎదురు సీట్లలో ఒక పెద్దాయన, ఆయన భార్య ఉన్నారు. బాపట్లలో దిగాలి. టికెట్ మీద ఉన్న టైం ప్రకారం రెండున్నర దాటాక రావాలి, కానీ బండి గంట పైనే లేటు, ఆ సంగతి వాళ్లకి తెలీదు. నెల్లూరు నుంచే ఇద్దరూ లేచి కూర్చున్నారు. నేను ఫోన్లో చూసి ఇంకా ఒంగోలు కూడా రాలేదు, పడుకోండి, నేను లేపుతాను అన్నాను. పెద్దావిడ పడుకుంది కానీ ఆయన మాత్రం "నువ్వు నిద్రపోతే బాబూ?" అని అలాగే కూర్చున్నాడు. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. చీరాలలో బండి ఆగేసరికి మా బోగీ ప్లాట్‌ఫారం చివరికి పడింది, లైటు లేదు, పసుపు బోర్డు కనపడే చోటు కాదు. ఆయన బియ్యం సంచీ ఒకటి, ప్లాస్టిక్ తాళ్ల బుట్ట ఒకటి లాక్కుంటూ తలుపు దాకా వెళ్లిపోయి ఒక కాలు మెట్టు మీద పెట్టేశాడు. "తాతగారూ ఇది చీరాలండీ, మీది దీని తర్వాతది" అని చెయ్యి పట్టుకుని ఆపాను. భార్య ఇంకా లోపలే ఉంది, ఆవిడ చెప్పులు వెతుక్కుంటోంది. బండి కదిలేసింది. ఆయన దిగిపోయి ఉంటే ఆవిడ ఒక్కతే బండిలో, ఆయన ఒక్కడే చీరాలలో, ఇద్దరికీ కలిపి ఉన్న ఒక్క చిన్న ఫోన్ ఆయన జేబులో.

ఇలాంటివి బండిబండికీ జరుగుతాయి. మనవాళ్లు తరాలుగా వాళ్ల పద్ధతులు వాళ్లు పెట్టుకున్నారు. గోదావరి బ్రిడ్జి మీద చక్రాల చప్పుడు మారగానే విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లు రాజమండ్రి వచ్చేసిందని సామాను సర్దుకుంటారు, చెన్నై నుంచి వచ్చేవాళ్లకి కృష్ణ దాటితే బెజవాడ. జీడిపప్పు ప్యాకెట్లు ఎక్కాయంటే పలాస, పూతరేకులు ఎక్కాయంటే రాజమండ్రి దగ్గర్లో ఉన్నట్టు. మా అమ్మకి ఇప్పటికీ ఇవే గుర్తులు, ఏ యాప్ కన్నా ఆవిడ వాటినే నమ్ముతుంది. కానీ ఏసీ బోగీలో అద్దాలు మూసేసి ఉంటే బ్రిడ్జి చప్పుడు సరిగ్గా వినపడదు, అర్ధరాత్రి అమ్మేవాళ్లు ఎక్కరు. పైగా విశాఖలో బండి తిరగబడుతుంది, అంటే ఇంజన్ అటు నుంచి ఇటు మారి వచ్చిన దిక్కుకే బయల్దేరుతుంది, నిద్రలో ఉన్న కొత్తవాళ్లు లేచి చూస్తే బండి వెనక్కి పోతున్నట్టు అనిపించి కంగారుపడిపోతారు. కొన్ని బండ్లు అసలు విశాఖ స్టేషన్‌లోకి వెళ్లకుండా దువ్వాడ మీదుగానే పోతాయి. కొన్నింటిని విజయవాడలోకి రానివ్వకుండా రాయనపాడు మీదుగా పంపిస్తుంటారు. సికింద్రాబాద్ స్టేషన్ పనులు మొదలయ్యాక కొన్ని బండ్లు చర్లపల్లికి మారాయి. ఇవన్నీ అవసరం కొద్దీ చేసినవే అనుకుందాం, కానీ బండిలో కూర్చున్న మనిషికి ఎవరు చెప్పాలి?

మెసేజ్ వస్తుంది కదా అంటారు. వస్తుంది, కానీ అది బుకింగ్ టైంలో ఇచ్చిన నెంబర్‌కి వస్తుంది. మన ఊళ్లలో టికెట్ చేసేది ఎవరు? హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న కొడుకు, లేదా సెంటర్లో నెట్ షాపు అబ్బాయి. అర్ధరాత్రి మెసేజ్ వాళ్ల ఫోన్‌లో మోగుతుంది, ప్రయాణం చేసే తల్లిదండ్రులకి తెలీదు. జనరల్ టికెట్ కౌంటర్లో కొన్నవాళ్లకి ఆ మెసేజూ లేదు, వాళ్ల పేరు గానీ నెంబర్ గానీ ఎవరి దగ్గరా ఉండదు. యాప్‌ల సంగతి చెప్పాలంటే, వేర్ ఈజ్ మై ట్రైన్ యాప్ మంచిదే, సెల్ టవర్ని బట్టి బండి ఎక్కడుందో నెట్ లేకుండా కూడా చూపిస్తుంది, 2018లో గూగుల్ కొన్నది కూడా అందుకేనేమో, తెలుగులో కూడా ఉంది. కానీ నంద్యాల గిద్దలూరు మధ్య నల్లమల అడవిలో చాలాచోట్ల టవరే అందదు, ఛార్జింగ్ పాయింట్ పనిచేయని బోగీలో తెల్లారేసరికి ఫోనే ఉండదు. స్టేషన్ వచ్చే ముందు ఫోన్ చేసి లేపే ఏర్పాటు కూడా ఉంది, 139కి కాల్ చేసి పీఎన్ఆర్ ఇచ్చి డెస్టినేషన్ అలర్ట్ పెట్టుకోవచ్చు, మా ఇంట్లో పెద్దవాళ్లు వెళ్తుంటే నేను పెట్టిస్తుంటాను, మీరూ పెట్టించండి. కానీ దానికీ పీఎన్ఆర్ కావాలి, ఫోన్ బతికుండాలి.

ఇప్పటిదాకా చెప్పింది స్టేషన్ మిస్ అవ్వడం గురించి, అది ఇబ్బందే గానీ ప్రాణం మీదకి వచ్చేది కాదు. అసలు చెప్పాలనుకుంది వేరే. బండి స్టేషన్ కాని చోట, చీకట్లో ఆగినప్పుడు ఏం జరుగుతుందో దాని గురించి.

తుని దాటాక ఒకసారి నేనున్న బండి పొలాల మధ్య ఆగింది. ఆగే ముందు కింద నుంచి బుస్సుమని గాలి వదిలిన చప్పుడు, రబ్బరు కాలిన లాంటి వాసన. పది నిమిషాలైంది, ఎవరూ రాలేదు. ముందు బోగీ నుంచి ఎవరో నడిచొచ్చి పొగ వస్తోందంట అన్నారు. మా బోగీ దాటేసరికి అది మంటలంట అయింది. వెనక బోగీలకి చేరేసరికి ఆ మాట ఇంకేమయ్యుంటుందో నేను ఊహించుకోగలను. కుర్రాళ్లు కొంతమంది ఫోన్ లైట్లు వేసుకుని దిగిపోయారు, ఎటువైపు అంటే పక్క లైన్ ఉన్న వైపు, ఎందుకంటే రెండో వైపు గట్టు ఎత్తుగా ఉండి కింద తుప్పలు, నీళ్ల గుంట. పట్టాల మీద చదునుగా ఉంటుంది కాబట్టి అందరూ అక్కడే నిలబడి బోగీ కింద లైటు కొట్టి చూస్తున్నారు. కాసేపటికి దూరం నుంచి హారన్. ఎవరో గట్టిగా అరిచారు, అందరూ గబగబా మెట్లెక్కేశారు, ఒకతని చెప్పు అక్కడే ఉండిపోయింది, గూడ్స్ బండి ఆపకుండా హారన్ కొడుతూ మా కిటికీల పక్క నుంచే పోయింది. తర్వాత చేతిలో ల్యాంపుతో గార్డుగారు వెనక నుంచి నడుచుకుంటూ వచ్చారు, ఒక బోగీకి బ్రేకులు పట్టేశాయి, వదిలించాం, బయల్దేరుతున్నాం అన్నారు. అంతే విషయం. చక్రానికి బ్రేకు పట్టుకుపోయి తిరుగుతుంటే వేడెక్కి పొగ, నిప్పు రవ్వలు వస్తాయి, రైల్వేవాళ్లు బ్రేక్ బైండింగ్ అంటారు, వాళ్లకి కొత్త విషయమేం కాదు. చూసే మనకి మాత్రం అచ్చం బోగీకి నిప్పంటుకున్నట్టే ఉంటుంది.

మేం బయటపడ్డాం. గొట్లాం దగ్గర బయటపడలేదు. 2013 నవంబర్ 2, దీపావళి ముందు రోజు సాయంత్రం, విజయనగరం జిల్లా గొట్లాం దగ్గర ఒక దూరప్రయాణం బండిలో మంటలని పుకారు పుట్టింది, చైన్ లాగారు, జనం పక్క ట్రాక్ మీదకి దిగారు, అటు నుంచి వస్తున్న ప్యాసింజర్ బండి వాళ్ల మీద నుంచి పోయింది. కనీసం 8 మంది పోయారు. 2022 ఏప్రిల్ 11న శ్రీకాకుళం జిల్లా బాతువ దగ్గర మళ్లీ అదే, ఆగిన బండి నుంచి జనం దిగి ట్రాక్ మీద ఉన్నారు, పక్క లైన్లో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ వచ్చింది, కనీసం ఐదుగురు పోయారు. 2025 జనవరి 22న మహారాష్ట్ర జల్గావ్ జిల్లాలో పుష్పక్ ఎక్స్‌ప్రెస్‌లో నిప్పంటూ కేకలు, చైన్ లాగడం, దిగడం, ఎదురుగా కర్ణాటక ఎక్స్‌ప్రెస్, కనీసం 12 మంది. ఈ మూడు చోట్లా బండి పట్టాలు తప్పలేదు, దేన్నీ గుద్దలేదు. ఆగిన బండి నుంచి దిగినవాళ్లు పోయారు. కుదురుగా సీట్లో కూర్చున్నవాళ్లకి ఏమీ కాలేదు.

ఇది చదివి "జనానికి బుద్ధి లేదు, ఎందుకు దిగాలి" అని రాసేవాళ్లు ఉంటారు, ప్రతిసారీ రాస్తారు. నేను ఒప్పుకోను. పొగ వాసన వస్తోంది, కిటికీలకి ఇనప కడ్డీలున్నాయి, చుట్టూ జనం అరుస్తున్నారు, పిల్లలు ఏడుస్తున్నారు, ఏం జరిగిందో చెప్పే మనిషి లేడు, అలాంటప్పుడు ఎవరైనా తలుపు వైపే పరిగెడతారు, నేనైనా అంతే. లోకో పైలట్‌కీ గార్డుకీ మధ్య వాకీటాకీ ఉంది, బండి ఎందుకు ఆగిందో వాళ్లిద్దరూ మాట్లాడుకుంటారు, స్టేషన్‌కి చెప్తారు, కంట్రోల్‌కి చెప్తారు, ఆ మాట బోగీల్లో కూర్చున్న వెయ్యి మందికి మాత్రం చేరదు. "బ్రేకు పట్టేసింది, మంటలు కాదు, ఎవరూ దిగొద్దు, పక్క లైన్లో బండి వస్తోంది" అని ఒక్క ముక్క స్పీకర్లో వస్తే పుకారు అక్కడే ఆగిపోతుందని గ్యారంటీ ఇవ్వలేను, కానీ సగం మంది అయినా మెట్టు మీదే ఆగుతారు.

ఆ మాట తెలుగులో మాత్రమే చెప్తే సరిపోదు. మన కోస్తా లైన్లో పోయే దూరపు బండ్లలో జనరల్, స్లీపర్ బోగీల నిండా ఉండేది కేరళకో చెన్నైకో బెంగళూరుకో పనులకి పోయే ఒడిశా, బెంగాల్, అస్సాం కుర్రాళ్లు. వాళ్లకి ఇచ్ఛాపురం ఏదో తడ ఏదో తెలీదు, చుట్టూ ఉన్నది ఏ రాష్ట్రమో కూడా కొన్నిసార్లు తెలీదు. రికార్డు చేసి పెట్టుకునే మాటలే కాబట్టి ఆ బండి ఏ రాష్ట్రాల మీదుగా పోతుందో ఆ భాషలన్నీ పెట్టొచ్చు, స్టేషన్లో కంప్యూటర్ చెప్పే "దయచేసి వినండి" కూడా ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి అతికించిందే కదా.

ఎందుకు పెట్టరు అంటే కారణం ఒకటి ఉంది, అది న్యాయంగా చెప్పాలి. మెట్రో, వందేభారత్ లాంటివి మొత్తం బండి ఒకే సెట్టుగా తయారవుతాయి, బోగీలు విడదీసి కలపడం రోజూ ఉండదు, కాబట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా వైరు వేసేసి, జీపీఎస్ పెట్టి, రూట్ ముందే ఎక్కించి పెడితే స్టేషన్ దగ్గర పడగానే దానంతట అదే చెప్తుంది. మామూలు ఎక్స్‌ప్రెస్‌లో అలా కాదు, ఇవాళ ఈ బోగీ ఉంటుంది, రేపు అది రిపేరుకి పోయి ఇంకోటి తగిలిస్తారు, ఒకటి పాతది ఒకటి కొత్తది, మధ్యలో ఒక్క బోగీకి కనెక్షన్ లేకపోతే దాని వెనకవాటికి మాట పోదు. నిజమే. కానీ ఇది తీర్చలేని చిక్కు కాదు. అమృత్ భారత్ బండ్లు వచ్చాయి కదా, 2023 డిసెంబర్ 30న మొదలయ్యాయి, మొదటి రెండింట్లో ఒకటైన మాల్దా బెంగళూరు బండి మన విజయవాడ మీదుగానే పోతుంది, మొత్తం నాన్ ఏసీ, కూలిపనికి పోయేవాళ్లు ఎక్కే బండి, దాంట్లో ప్యాసింజర్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్ పెట్టారు. అది చూసి నాకు చాలా సంతోషమేసింది. నాన్ ఏసీలో పెట్టడం కుదరదు అనే మాట ఇంక ఎవరూ అనలేరు.

పెట్టడం ఒక్కటే కాదు, పనిచేయించాలి. కొన్ని ఏసీ బోగీల్లో చివర ఎర్ర అక్షరాల బోర్డు ఉంటుంది చూశారా, ఒకసారి ఉదయం విజయవాడ దాటాక కూడా అది ముందురోజు స్టేషన్ పేరే తిప్పుతూ ఉంది. తప్పు చెప్పే బోర్డు కన్నా ఆపేసిన బోర్డు నయం, చూసినవాళ్లు నమ్మి దిగిపోతారు. రాత్రి నిద్రలో స్పీకర్ మోగితే చిరాకు కదా అని కూడా కొందరంటారు, అందులో న్యాయం ఉంది, పది దాటాక స్టేషన్ల పేర్లకి బోర్డు మీద అక్షరాలు, తలుపు దగ్గర సన్నగా గొంతు చాలు, కానీ బండి దారి మధ్యలో ఆగినప్పుడు ఎంత రాత్రయినా గట్టిగానే చెప్పాలి. చూపు లేనివాళ్ల సంగతి కూడా ఆలోచించాలి, ఇప్పుడు చాలా బోగీల్లో బెర్త్ నెంబర్లు బ్రెయిలీలో ఉన్నాయి, వాళ్ల సీటు వాళ్లు వెతుక్కోవచ్చు, కానీ ఎక్కడ దిగాలో వాళ్లకి చెవి తప్ప దారి లేదు.

ఇది వచ్చేలోపు మీ ఇంట్లోవాళ్లకి ఒక మాట చెప్పి ఉంచండి. బండి దారిలో ఆగితే, పొగ వాసన వచ్చినా, ముందుగా, లోపల దారి ఉంటే, లోపల నుంచే పక్క బోగీలోకి నడవండి, అన్ని బోగీలకీ మంటలుండవు. దిగక తప్పకపోతే పక్క లైన్ లేని వైపు దిగాలి, మనకి బండ్లు ఎడమ లైన్లో నడుస్తాయి కాబట్టి రెండు లైన్ల దారిలో బండి పోయే దిక్కుకి ఎడమ వైపు దిగితే మామూలుగా పక్క ట్రాక్ ఉండదు. మూడో లైన్ పడిన చోట్ల, స్టేషన్ల దగ్గర అదీ నమ్మొద్దు, దిగే ముందు రెండు వైపులా చూసుకోవాలి. దిగాక పట్టాల మీద నిలబడొద్దు, గట్టు దిగిపోవాలి, తుప్పలున్నా సరే. 139కి ఫోన్ కొట్టండి.

రైల్వేలో పనిచేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకి నా విన్నపం ఒకటి. ప్రతి బోగీ ఏడాదిన్నరకో రెండేళ్లకో లాలాగూడ, తిరుపతి లాంటి ఏదో ఒక రైల్వే వర్క్‌షాప్‌కి పెద్ద రిపేరుకి వస్తుంది, అప్పుడు సీట్లు మారుస్తారు, ఫ్యాన్లు మారుస్తారు, రంగులేస్తారు. అదే టైంలో బోగీకి నాలుగు స్పీకర్లు, గార్డు తను ఉండే చివరి బోగీ నుంచి మాట్లాడే ఒక మైకు లైను పెట్టండి. జీపీఎస్, స్క్రీన్లు, ఆటోమేటిక్ స్టేషన్ పేర్లు తర్వాత చూసుకోవచ్చు. ముందు గార్డుగారి మాట జనరల్ బోగీ దాకా వినపడేలా చెయ్యండి.